విమానము నాడి చూచు కంపన గ్రాహకములు

పటముమీద హైదరాబాదునకును తిరుపతికిని నడుమ ఒక సరళరేఖ గీచినచో, అది నల్లమల తూర్పు అంచునగల అర్ధవీడునకు మిక్కిలి చేరువగా పోవును. అర్ధవీడు చేలలో నిలిచి పైకి చూచువారికి విమానములు దాటిపోవుట వింత కాదు. క్రిందనుండి చూచినప్పుడు విమానము నీటిమీద పడవవలె నిశ్చలముగా జారిపోవుచున్నట్లు తోచును. నిజమునకు దానిలో కదలని భాగము ఒక్కటియు లేదు. రెక్కలు, నేల, కుర్చీలు, ఇంజను తొడుగులు అన్నియు ఎడతెగక వణకుచునే యుండును. ఆ వణకులో విమానముయొక్క ఆరోగ్యవార్త యున్నది. ఆ వార్తను చదువు పరికరములకు కంపన గ్రాహకములని పేరు. సెన్సార్లని నేటి వాడుక. అవి ఏమి వినగలవు, ఏమి వినలేవు అను రెండు సంగతులును తెలిసికొనదగినవి. రెండవదానిని సాధారణముగా ఎవరును చెప్పరు.

వణకును బట్టి వస్తువు లోపము కనిపెట్టుట మనకు క్రొత్త విద్య కాదు. పలకలకు పేరుపడిన మార్కాపురము ప్రాంతమువారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. మంచి పలకను వ్రేలి కణుపుతో తట్టినచో ఖంగున మ్రోగును. కంటికి కనబడని బీట యున్నచో మందముగా పలికి ఊరకుండును. సంతలో కుండ కొనునప్పుడు తట్టి చూచుటయు ఇందులకే. పూర్వము రైలుబండి స్టేషనులో ఆగినప్పుడు ఒక పనివాడు పొడుగాటి పిడిగల సుత్తితో చక్రములను ఒక్కొక్కటిగా కొట్టి వినుచు నడచుట రైల్వేలలో ఆచారము. ఇందలి కీలకము ఇది: తట్టిన ప్రతి వస్తువును తనకు సహజమైన వేగముతో, సెకనునకు ఇన్ని మార్లు అని, కంపించును. ఈ లెక్కనే పౌనఃపున్యమందురు. బీట వారినప్పుడు వస్తువు బిగువు తగ్గును. బీట అంచులు ఒండొంటితో రాచుకొని కంపనశక్తిని వేడిగా మార్చివేయును. కావున స్వరము దిగజారును, త్వరగా అణగిపోవును.

పలకను మనము తట్టవలెను. విమానపు ఇంజనును ఎవరును తట్టనక్కరలేదు. తిరుగుచున్నంతసేపును తన్ను తానే తట్టుకొనుచుండును. తిరుగు చక్రముయొక్క బరువు ఇరుసు చుట్టును సమముగా పంచబడి యుండవలెను గదా. ఎచ్చటనైన ఒక్క గ్రాము ఎక్కువైనచో ఏమగునో లెక్క వేసి చూతము. బోయింగ్ 737 విమానములు పెక్కింటికి అమర్చిన సి.ఎఫ్.ఎం.56-7బి అను ఇంజనులో ముందరి పంకా నూరు శాతము వేగమున నిమిషమునకు 5,175 చుట్లు, అనగా సెకనునకు సుమారు 86 చుట్లు తిరుగును. ఇరుసునుండి 70 సెంటీమీటర్ల దూరమున ఒక గ్రాము అధికముగా నున్నచో, అది ఇరుసును లాగు బలము 200 న్యూటనులకు మించును. ఇరువది కిలోల బరువును వ్రేలాడదీసినంత లాగుడన్నమాట! అదియు ఒకే దిక్కున నిలువక, సెకనునకు 86 మార్లు ఇరుసును చుట్టివచ్చును. వేగము రెండింతలైనచో ఈ బలము నాలుగింతలగును. పంకారెక్క అంచు పక్షి తగిలి చిట్లినను, రెక్కలపై మంచు ఒక ప్రక్కగా పేరుకొన్నను వెంటనే విమానమంతయు వణకుట ఇందుచేతనే.

ఆ ఇంజనులోనే, పంకా ఇరుసునకు బయట, మరియొక బోలు ఇరుసు నిమిషమునకు 14,460 చుట్లు, అనగా సెకనునకు 241 చుట్లు తిరుగును. ఇప్పుడు ఇంజను కవచముపై నున్న గ్రాహకము తెచ్చిన సంకేతమును పరిశీలింపుడు. సెకనునకు 86 చొప్పున వచ్చు కంపనము పెరిగినచో పంకాను శంకింపవలెను. 241 చొప్పున వచ్చునది పెరిగినచో అధిక పీడనపు కంప్రెసరును, దానిని త్రిప్పు టర్బైనును శంకింపవలెను. ఇంజను విప్పకయే లోపమేవైపున నున్నదో చెప్పగలుగుటకు మూలమిదియే. వేగము మారినకొలది ఈ సంఖ్యలును మారును గనుక, చుట్లను లెక్కించు మరియొక పరికరము గ్రాహకమునకు ఎల్లప్పుడు తోడుండవలెను.

పంకా తూకము తప్పినదని తేలినచో మరమ్మతు సులువైనదే. పంకా నడుమ ముక్కువలె నుండు శంకువు అంచున వేర్వేరు బరువులుగల మరలు బిగించుటకు రంధ్రములుండును. లెక్కప్రకారము మరలు మార్చి తూకము సరిచేయుదురు. కంసాలి త్రాసులో గురిగింజ వేసినట్లు. కాని లోపలి ఇరుసుదే దోషమైనచో ఇంజనును దింపి కర్మాగారమునకు పంపవలసిరావచ్చును. లీప్ జాతి ఇంజనులను విప్పి బాగుచేయుటకు 2025 నవంబరులో హైదరాబాదున సఫ్రాన్ సంస్థవారి కేంద్రము ప్రారంభమైనది. ఇట్టి కేంద్రమునకు ఇంజను పంపవలెనా, మరలు మార్చినచో చాలునా అని నిర్ణయించుటలో కంపనపు లెక్క యొక ముఖ్యసాక్ష్యము.

ఇంతకును ఈ గ్రాహకములో ఏమున్నది? వంటింటిలో గ్యాసుపొయ్యి వెలిగించు లైటరు ఒకటి తీసికొనుడు. మీట నొక్కినప్పుడు లోపలి చిన్న సుత్తి యొక స్ఫటికపు దిమ్మను కొట్టును, నిప్పురవ్వ పుట్టును. బ్యాటరీ లేదు, డైనమో లేదు. కొన్ని స్ఫటికములను నొక్కినచో వాని ముఖములపై విద్యుదావేశము పుట్టునని 1880లో పారిసులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను సోదరులు కనిపెట్టిరి. దీనినే పీడన విద్యుత్తందురు. కంపన గ్రాహకము ఈ లైటరునకు దగ్గరి చుట్టము.

అగ్గిపెట్టెకంటె చిన్నదైన లోహపు డబ్బీలో అడుగున స్ఫటికపు బిళ్ళ, దానిపై బరువైన లోహపు దిమ్మ బిగింపబడియుండును. డబ్బీని ఇంజను కవచమునకు మరతో గట్టిగా బిగింతురు. ఇంజను వణకినప్పుడు డబ్బీయు వణకును. లోపలి దిమ్మ మాత్రము జడత్వమువలన కదలుటకు ఒడంబడక స్ఫటికమును నొక్కును, మరుక్షణమున లాగును. బస్సు ఉలికిపాటుతో కదలినప్పుడు మనము వెనుకకు తూలి వెనుకనున్నవానిని నొక్కుట యెట్టిదో ఇదియు అట్టిదే. దిమ్మ నొక్కుడు త్వరణమునకు అనుపాతము. స్ఫటికముపై పుట్టు ఆవేశము నొక్కుడునకు అనుపాతము. కావున ఆవేశమును కొలిచినచో త్వరణమును కొలిచినట్లే.

ఈ ఆవేశమెంతయో తెలిసినచో దీనిని కొలుచువారి కష్టము తెలియును. దిమ్మ 20 గ్రాములున్నదనుకొందము. భూమ్యాకర్షణ కలిగించునంతటి త్వరణముతో అది ఊగినచో స్ఫటికముపై పడు బలము న్యూటనులో అయిదవవంతు. క్వార్ట్జు స్ఫటికము ఇంతమాత్రపు బలమునకు ఇచ్చు ఆవేశము సుమారు 28 లక్షల ఎలెక్ట్రానుల పాటిది. పెద్ద సంఖ్యయే యని తోచవచ్చును; కాని ఒక ఆంపియరు కరెంటులో సెకనునకు పారు ఎలెక్ట్రానుల సంఖ్య 6 ప్రక్కన 18 సున్నలు! ఇంత స్వల్పమైన సంకేతమును మోయు తీగ తానే వణకినచో, దాని తొడుగు లోపల రాచుకొని దొంగ ఆవేశమును పుట్టించును. డబ్బీ బిగింపు వదులైనచో గ్రాహకము ఇంజను మాట మాని తన మాటయే చెప్పును. పుస్తకములలో ఈ విషయమున గణితమునకు ఇచ్చినంత స్థలము మర బిగించువాని చేతికి ఇయ్యరు; అది న్యాయము కాదని నా అభిప్రాయము.

కృత్రిమముగా కాల్చి చేసిన పింగాణి స్ఫటికములు క్వార్ట్జుకంటె నూరు రెట్లకు పైగా ఆవేశము నిచ్చును. కాని అవి వేడికి ఓర్వవు. ఒక హద్దు దాటినచో ఆ గుణమునే కోల్పోవును. కనుక ఇంజనులోని వేడి తావులకు బిస్మత్ టైటనేట్ వంటి వేడినోర్చు పదార్థములను వాడుదురు.

తూకము తప్పుట మోటు రోగము; అది గట్టిగా కేకవేయును. పళ్ళచక్రమున ఒక పంటి మొదట పుట్టిన బీట అట్టిది కాదు. సెకనునకు 10 చుట్లు తిరుగు చక్రమునకు 40 పళ్ళున్నవనుకొందము. పళ్ళు ఒండొంటితో తగులుట సెకనునకు 400 మార్లు; ఆరోగ్యముగానున్న చక్రము ఈ 400 వద్దనే ప్రధానముగా మ్రోగును. ఒక పన్ను బలహీనమైనచో అది వచ్చినప్పుడెల్ల, అనగా సెకనునకు 10 మార్లు, ఈ మ్రోత కొంచెము తడబడును. ఆ తడబాటు 400కు ఇరుప్రక్కల, 390 వద్దను 410 వద్దను, రెండు చిన్న శిఖరములుగా బయటపడును. ఎంతటి చిక్కు కంపనమునైనను శుద్ధమైన సరళ కంపనముల మొత్తముగా విడదీయవచ్చునని ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ చూపిన మార్గమే ఇచట అక్కరకు వచ్చును.

కాని గేరుపెట్టెలో ఒక చక్రము కాదు, పెక్కులుండును. బేరింగులు, పంపులు వేరు. ఆ రణగొణలో ఒక పంటి నసుగుడు ఎట్లు వినబడును? మన పల్లెలలో చెక్కభజన చూచినవారికి ఇది తెలియును. ఇరువదిమంది చెక్కలు వాయించుచు అడుగులు వేయుచున్నను, ఒక్కని చెక్క తాళము తప్పినచో గురువునకు వెంటనే తెలియును. అతడు మ్రోతనంతయు వినుటలేదు. ఆవృత్తము వెంట ఆవృత్తముగా తాళముతో పోల్చుకొనుచున్నాడు. యంత్రమును అదే చేయును. ఇరుసు ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల ఒక గుర్తు వచ్చునట్లు ఏర్పాటు చేసి, చుట్టు వెంట చుట్టుగా వచ్చిన కంపనమును ఒకదానిపై నొకటి పేర్చి సగటు తీయును. ఆ ఇరుసు తాళమునకు చెందినది నిలుచును. చెందనిది కొంత ఇటు, కొంత అటు అయి తరిగిపోవును. నూరు చుట్ల సగటు తీసినచో పరాయి రొద పదవవంతునకు తగ్గును.

ఈ సూక్ష్మవిద్య మిక్కిలి అవసరమైనది హెలికాప్టరునకు. రెండు ఇంజనుల విమానమున ఒక ఇంజను చెడినను రెండవదానితో దిగవచ్చును. హెలికాప్టరునకు రెండు ఇంజనులున్నను, వాని బలము రోటారును చేరు ప్రధాన గేరుపెట్టె ఒక్కటే. అది విరిగినచో వేరు దారి లేదు. 1986 నవంబరు 6న సముద్రములోని చమురు బావులనుండి మనుష్యులను తెచ్చుచున్న చినూక్ హెలికాప్టరు స్కాట్లండు ఉత్తరమునగల షెట్లండు దీవుల చెంత కూలెను. అందున్న 47 మందిలో 45 మంది మరణించిరి. ముందరి గేరుపెట్టెలో ఒక పళ్ళచక్రము విరుగుటచే, ఒకదాని నడుమ నొకటి తిరుగవలసిన రెండు రోటారులు లయ తప్పి ఢీకొన్నవి. ఆ దుర్ఘటన తరువాత గేరుపెట్టెలపై కంపన గ్రాహకములుంచి, ప్రయాణము ముగిసినప్పుడెల్ల లెక్కలు దించుకొని పరిశీలించు పద్ధతి ఊపందుకొని, 1991 నుండి ఉత్తర సముద్రపు హెలికాప్టరులలో అమలులోనికి వచ్చెను. దీనిని హమ్స్ అని క్లుప్తముగా పిలుతురు.

ప్రయాణము ముగిసినప్పుడు అన్నమాటను గమనింపుడు. ఆకాశములో హెచ్చరిక వచ్చుట ఎంత చిక్కో తెలియుటకు మన నల్లమలయే సాక్షి. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు అర్ధవీడునకు పడమట, అడవికి ఆవలి వైపున, పావురాలగుట్టపై కూలెను. నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారును, మరి నలుగురును మరణించిరి. దట్టమైన వానమబ్బులలో తీవ్రముగా క్రిందికి దిగు గాలిలో చిక్కుకొని అదుపు తప్పుటయే కారణమని విచారణ సంఘము నిర్ణయించెను. గేరుపెట్టె విరుగలేదు. కాని ఆ సంఘమే మరియొక సంగతియు వ్రాసెను. గేరుపెట్టె నూనె పీడనమును గూర్చిన హెచ్చరిక యొకటి రాగా, దానికి ఏమి చేయవలెనో సూచనల పుస్తకములో వెదకుచు చోదకులు కొన్ని అమూల్యమైన నిమిషములు గడిపిరి. మబ్బులపై నుండవలసిన దృష్టి పుటలపైకి పోయెను. గేరుపెట్టె రోగమును నిన్ననే, నేలమీద, తీరికగా తెలిసికొనుటలోగల విలువ ఇచట బోధపడును. కంపన గ్రాహకము చోదకునికంటె నేలమీది మరమ్మతుదారునికి మేలైన మిత్రము.

అయితే ఆ మిత్రునకును చెవుడు కలదు. అదే 2009లో ఏప్రిల్ 1న స్కాట్లండులోని పీటర్‌హెడ్ తీరమునకు చేరువలో సూపర్ పూమా హెలికాప్టరు కూలి 16 మంది చనిపోయిరి. దానిపై కంపన గ్రాహకములుండెను. 2016 ఏప్రిల్ 29న నార్వేలో టురోయ్ వద్ద ఆ కుటుంబమునకే చెందిన మరియొక హెలికాప్టరు కూలి 13 మంది చనిపోయిరి. దానిపైనను ఉండెను. రెంటిలోను ప్రధాన గేరుపెట్టెలోని ఒక గ్రహచక్రము అలసటవలన బీట వారి విరిగినది. మాటిమాటికి వంచిన తీగ తెగునట్లు, మాటిమాటికి బరువు పడిన లోహము తెగుటనే అలసటయందురు.

గ్రహచక్రమన నేమి? నడుమ ఒక సూర్యచక్రము తిరుగును. దాని చుట్టు కొన్ని చిన్న చక్రములు తమలో తాము తిరుగుచు, సూర్యుని చుట్టును తిరుగును. వెలుపల అన్నిటిని కదలని వలయచక్రము చుట్టియుండును. పేరు ఎంత సొగసైనదో, లోపల వినుట అంత దుర్లభము. గ్రాహకము పెట్టె వెలుపల నుండును. బీట వారిన గ్రహచక్రము ఒకసారి దాని చెంతకు వచ్చి, మరుక్షణము ఆవలికి పోవును. దాని వణకు బేరింగులను, తక్కిన చక్రములను, నూనెపొరలను దాటి రావలెను. ఒకే తీరున తిరుగు తోడి చక్రములన్నియు ఒకే పౌనఃపున్యమున మ్రోగుచుండగా, రోగి ఎవరో తేల్చుట మరియు కష్టము. టురోయ్ ప్రమాదమున బీట లోహపు పైపొరలో సన్నగా మొదలై, పెచ్చులు అంతగా రాల్చకయే లోపలికి ప్రాకెను. దాని జాడ కంపనపు లెక్కలలో కనబడలేదు.

2009 నాటి స్కాట్లండు ప్రమాదమున మాత్రము వేరొక సాక్ష్యము దొరికియుండెను. కూలుటకు ఏడు దినములముందు, మార్చి 25న, నూనెలోని అయస్కాంతమునకు ఒక లోహపు పెచ్చు అంటుకొని కనబడినది. అది గ్రహచక్రమునుండి రాలినదని ఆనాడు గుర్తింపలేదు. తరువాత 36 గంటలు ఎగిరి హెలికాప్టరు కూలినది. నాడి చూచువాడు నాలుకయు చూడవలెనన్నట్లు, కంపనమును నూనెలోని రేణువులను కలిపి చదువనిచో ఒక్కదానికే పూర్తిగా నమ్మరాదని దీనివలన తేలినది.

హద్దు ఎచ్చట గీయవలెను అనునది మరియొక చిక్కు. ఒకే కర్మాగారమున ఒకే దినమున పుట్టిన రెండు గేరుపెట్టెలైనను ఒకే గొంతుతో మ్రోగవు. హెచ్చరిక హద్దు తక్కువగా పెట్టినచో ఆరోగ్యముగా నున్నవి కూడ మాటిమాటికి విప్పబడును. నాలుగుమార్లు విప్పి ఏమియు లేదని చూచినవాడు అయిదవ హెచ్చరికను తేలికగా తీసికొనును. ఎక్కువగా పెట్టినచో రోగము ముదిరినగాని తెలియదు. కావున ప్రతి యంత్రముయొక్క ఆరోగ్యదినముల గొంతును దాచియుంచి, నేటి గొంతును దానితోనే పోల్చుట మేలు.

తెలుగునేలపైనను ఇది దూరపు ముచ్చట కాదు. విశాఖపట్నమున ఐ.ఎన్.ఎస్. డేగాలో 2022 జూలైనుండి ధ్రువ జాతి హెలికాప్టరులతో ఒక నౌకాదళ శ్రేణి యున్నది. 2025 జనవరి 5న పోరుబందరులో తీరరక్షక దళమువారి ధ్రువ ఒకటి కూలి ముగ్గురు మరణించినప్పుడు, రెక్కల వాలును మార్చు స్వాష్‌ప్లేటు అను భాగము విరిగినదని తేలినది. దేశములోని ధ్రువ హెలికాప్టరులన్నియు నెలల తరబడి నేలపై నిలువవలసి వచ్చెను. విరిగిన తరువాత తెలియుట ఒక దళమునకు మాత్రమేగాక, ఆ జాతి యంత్రములను నమ్ముకొన్న వారందరికిని ఎంత బరువో దీనినిబట్టి ఊహింపవచ్చును.

గ్రాహకమును గేరుపెట్టె లోపలికే, గ్రహచక్రములను మోయుచు తానును తిరుగు చట్రముమీదికే చేర్చుట పరిశోధకుల నేటి ప్రయత్నము. యూరోపు విమానయాన భద్రతాసంస్థ తోడ్పాటుతో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు విశ్వవిద్యాలయమువారు ఒక పూమా గేరుపెట్టెలో బుద్ధిపూర్వకముగా దెబ్బతీసిన బేరింగు నుంచి, చట్రముపై గ్రాహకమును బిగించి, వెలుపలి గ్రాహకములకు స్పష్టముగా వినబడని సంకేతమును వినుటకు యత్నించిరి. అచట తీగ లాగుటకు వీలు లేదు. ఏలయనగా చట్రము తిరుగుచుండును. కాగుచున్న నూనె నిత్యము మీద పడుచుండును. బ్యాటరీ ఆ వేడికి నిలువదు గనుక విద్యుత్తును గాలిలోనుండియే పంపవలెను, వార్తను గాలిలోనుండియే రప్పింపవలెను. పరీక్షశాల బల్లమీద ఇది నెరవేరినది. వేల గంటలు ఎగురు హెలికాప్టరులో, ఆ గ్రాహకమే ఊడి పళ్ళ నడుమ పడకుండ, దానిని నిలుపుట మిగిలియున్న పని.